రెండోసారి అన్నప్పుడు

సోలాపూర్ చద్దరు కొనేవాడు ముందు దాన్ని రెండు చేతులా పరిచి చూస్తాడు. పై అంచు దగ్గరి పువ్వును చూస్తాడు, నడిమి పువ్వును చూస్తాడు, కింది అంచు దాకా వచ్చి అక్కడి పువ్వునూ చూస్తాడు. మూడూ ఒక్క తీరుగా ఉంటేనే బేరం ముందుకు సాగుతుంది. ఒకదాని రెక్క కాస్త వంగినా ధర దిగిపోతుంది. నేత లోకంలో అది న్యాయమే. మా నీలం నగర్ ఆ న్యాయం మీదే బతుకుతోంది. అక్కల్‌కోట రోడ్డు వైపు, ఎంఐడీసీ దాపున, ఏ గల్లీలోకి తిరిగినా మరమగ్గాల షెడ్లు. లోపల పద్మశాలీల తెలుగు, బయట బోర్డుల మీద మరాఠీ, రెండింటినీ మింగేసే చప్పుడు. సోలాపూర్‌లో 1877లో బట్టల మిల్లు మొదలైంది. మిల్లుల కాలంలో కొందరు, కరువులప్పుడు కొందరు తెలంగాణ పల్లెల నుంచి ఇటు వచ్చి చేరారు. మిల్లులు పోయాయి, మగ్గాలు మిగిలాయి.

చద్దరు మీది పువ్వు నేసేవాడి చేతిలో ఉండదు, మగ్గం నెత్తి మీద ఉంటుంది. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జకార్డ్ అనే ఆయన 1804లో చేసిన ఏర్పాటు అది. రంధ్రాలు కొట్టిన అట్టలను దారంతో వరుసగా కుట్టి గొలుసులా వేలాడదీస్తారు. రంధ్రం ఉన్నచోట కొక్కెం పైకి లేచి పడుగు పోగును ఎత్తుతుంది, లేనిచోట లేవదు. లేచిన పోగుల కింది నుంచి నాడె దూసుకుపోతుంది. చివరి అట్ట అయిపోగానే మళ్లీ మొదటి అట్ట. ఎవరికి నిద్ర వచ్చినా, ఎవరింట్లో జ్వరమున్నా, అట్ట ఎన్నిసార్లు తిరిగినా పువ్వు అదే పువ్వు. తేడా వస్తే అది తప్పు.

ఈ షెడ్లలో ఒకదాని పై అంతస్తులో మా మేనల్లుడు గిటార్ నేర్చుకుంటున్నాడు. వాడికి పట్టింది సినిమా పాట కాదు, అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్. నేను ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ పట్టినవాణ్ని గనుక వాడి లెక్కలో నేను పెద్దమనిషిని. ఒక సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. "మామా, ఐదే సురాలు. ఎంతసేపని తిప్పాలె? నాకే బోర్ కొడుతుంది, వినెటోనికి కొట్టదా?" అన్నాడు. ఇంకో స్కేల్ నేర్చుకుంటే తేలిపోతుందని వాడి నమ్మకం. గిటార్ పట్టిన కుర్రాళ్లందరికీ ఏదో ఒక వయసులో ఈ నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం మీద చాలామంది మాస్టార్ల ఇళ్లు గడుస్తున్నాయి కాబట్టి దాన్ని నేను గట్టిగా తిట్టను.

వాడు వాయించిందంతా విన్నాను. స్వరాలు శుద్ధంగానే పడుతున్నాయి. వాడి ఇబ్బంది స్వరాల లెక్కలో లేదు. మొదటిసారి వాయించిన పలుకును రెండోసారి అచ్చం అలాగే వాయిస్తున్నాడు, మూడోసారి అంతకంటే అచ్చంగా. పై అంతస్తులో కూర్చుని కింది మగ్గం పనే చేస్తున్నాడు.

బ్లూస్‌లో కూడా అట్టల గొలుసు లాంటిదొకటి ఉంది, కాదనను. మామూలుగా 12 బార్ల, అంటే 12 తాళపు ఆవర్తాల, చుట్టు. మొదటి నాలుగు బార్లు షడ్జం మీద నిలబడిన కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు), తర్వాతి రెండు మధ్యమం మీది కార్డ్, మళ్లీ రెండు షడ్జం, ఆపైన ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, చివరి రెండింటిలో ఇంటికి వచ్చి మళ్లీ బయల్దేరడం. నూరేళ్లకు పైగా ఇదే గొలుసు తిరుగుతోంది. పాట కట్టడం కూడా అంతే సాదా. ఒక పాదం పాడతారు, అదే పాదం మళ్లీ పాడతారు, మూడో పాదంలో దానికి జవాబో ముక్తాయింపో చెబుతారు. డబ్ల్యూ. సి. హ్యాండీ అనే నల్లజాతి సంగీతకారుడు 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ స్టేషన్లో రైలు కోసం కాచుకుని ఉన్నప్పుడు, పక్కన ఒకడు గిటార్ తీగల మీద కత్తి ఆనించి జారుస్తూ ఒకే పాదాన్ని మూడుసార్లు పాడటం విన్నాడట. ఆ విన్నది ఆయన్ని వదల్లేదు. తర్వాత ఆయన ఆ బాణీని కాగితం మీద పెట్టి, అచ్చేసి, ఊరూరా తిప్పాడు. ఒకే మాట మూడుసార్లు విని చదువుకున్న సంగీతకారుడు ఎందుకు ఆగిపోయాడు? ఆ మూడూ ఒక్క మాట కాదు గనుక.

పొలం గట్టున నిలబడి "ఎప్పుడొస్తవ్?" అని ఒకసారి అడిగితే ప్రశ్న. జవాబు రాక మళ్లీ అడిగితే అది ప్రశ్న కాదు. అక్షరాలు మారలేదు, అడిగిన మనిషి మారాడు. బ్లూస్ పాటలో రెండో పాదం పని అదే. గిటార్ సోలో ఆ పాటకు పుట్టిన బిడ్డ కాబట్టి దానికీ ఆ పోలిక రావాలి. నాలుగు బార్లలో గొంతుకు దాదాపు రెండు బార్లే పడతాయి, మిగిలిన రెండు ఖాళీ. ఆ ఖాళీలో గిటార్ జవాబిస్తుంది. సోలో పుట్టిన చోటు అదే, పాటగాడు ఊపిరి తీసుకునే జాగా. అక్కడ పుట్టినదానికి ఊపిరి తీసుకోవడం రాకపోతే ఎలా?

బి. బి. కింగ్ పేరు గిటార్ పట్టినవాళ్లందరికీ తెలుసు. 1925లో మిసిసిపీలో పుట్టాడు, పత్తి ఏరాడు, ఇండియనోలా దగ్గర తోటలో ట్రాక్టర్ నడిపాడు. ఆయన చేతులు చిన్నప్పుడు తాకింది పత్తికాయను, మావాళ్ల చేతులు తాకేది దాని చివరి రూపాన్ని. ఆయన పాడుతున్నప్పుడు గిటార్ వాయించేవాడు కాదు, గిటార్ వాయిస్తున్నప్పుడు పాడేవాడు కాదు. కార్డ్‌లు తన వల్ల కావని తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. బంధువైన బుక్కా వైట్ తీగ మీద గాజుగొట్టం లాంటిది జార్చి తీసే ధ్వని ఆయనకు బాగా ఇష్టం, కానీ ఆ జారుడు చేతికి పట్టుబడలేదు. అందుకని ఎడమచేతి వేలిని తీగ మీద నిలిపి, మణికట్టు నుంచి రెపరెపలాడించడం అలవాటు చేసుకున్నాడు. లోకం ఆయన్ని గుర్తుపట్టేది ఆ ఒక్క రెపరెపతో. ఒక్క స్వరం చాలు, ఎవరు వాయిస్తున్నారో తెలిసిపోతుంది.

మా వాడికి ఇది చెబితే "అంటే నేను ఒక్క సురమే కొట్టాల్నా?" అన్నాడు. కొట్టి చూడమన్నాను. ఒక చుట్టు మొత్తం రెండు స్వరాలతో, షడ్జమూ దాని కింది కైశికి నిషాదమూ, అంతే. మొదటి నాలుగు బార్లకే చెమట పట్టింది. స్వరాలు లేకపోతే మిగిలేవి ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు నిలపాలి, ఎంత గట్టిగా మీటాలి అన్నవే. ఇన్నాళ్లూ వాడు స్వరాల వెనక దాక్కున్నది వీటి నుంచే. అదే పలుకును తాళం దెబ్బ మీద ఎత్తుకుంటే ఒక రకం, దెబ్బ పడిన తర్వాత కాస్త ఆగి ఎత్తుకుంటే ఇంకో రకం. మన తాళశాస్త్రంలో సమం, అనాగతం అని వీటికి పేర్లే ఉన్నాయి. బ్లూస్ నడక ఎక్కువగా తిశ్రంలో సాగుతుంది, దెబ్బకు మూడు చిన్న అడుగులు. మూడో అడుగు మీద పలుకు మొదలుపెడితే ఆ ఐదు స్వరాలే అప్పుడే ఊరి నుంచి వచ్చినట్టుంటాయి.

ఆ ఐదు స్వరాల సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే ఆసక్తంతా వాటి పక్క సందుల్లో ఉంది. బ్లూస్ కుర్రాళ్లందరూ మొదట నేర్చుకునే ఐదు స్వరాల వరుస మనకు కొత్తది కాదు, శుద్ధ ధన్యాసి. షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. కింద వాయించే కార్డ్ మాత్రం శుద్ధ ధన్యాసి మాట వినదు. షడ్జం మీది కార్డ్‌లో ఉండేది అంతర గాంధారం. అంటే గిటార్ ఒక గాంధారం పలుకుతుంటే కింద ఇంకో గాంధారం మోగుతూ ఉంటుంది. ఈ గొడవే బ్లూస్. దాన్ని తీర్చకూడదు, సాగదీయాలి. సాధారణ గాంధారాన్ని పట్టుకుని తీగను కొద్దిగా, అర స్థానం కూడా నిండకుండా పైకి తోస్తే రెంటికీ నడుమ ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది. పియానోలో ఆ చోటుకు మెట్టు లేదు.

ఇంకొంచెం ముందుకు పోతే అసలు కిటుకు కనిపిస్తుంది. షడ్జం కార్డ్ మోగుతున్నంతసేపూ అంతర గాంధారాన్ని వాయించి, ఐదో బారులో కింద మధ్యమం కార్డ్‌కు మారగానే ఒక్క మెట్టు దిగి సాధారణ గాంధారం మీద వాలండి. మధ్యమం కార్డ్‌లో ఉన్న నిషాదం అదే. మొత్తం కదలిక ఒక్క మెట్టు. కానీ వెనక కార్డ్ వాయించేవాడు లేకపోయినా, ఇల్లు మారిన సంగతి వినేవాడికి తెలిసిపోతుంది. తొమ్మిదో బారులో పంచమం కార్డ్ వచ్చినప్పుడు కాకలి నిషాదాన్నో, చతుశ్రుతి రిషభాన్నో ఒకసారి తాకి తప్పుకుంటే ఇంటిముఖం పట్టామన్న సంగతి తేటపడుతుంది. ఐదు స్వరాల వరుసలో ఈ మూడూ లేవు. కొత్త స్కేల్ అక్కర్లేదు, ఎక్కడ ఉన్నామో తెలిస్తే చాలు. అట్ట మారిందని తెలియకుండా నాడె తోసేవాడు మగ్గానికి పనికొస్తాడేమో గానీ ఇక్కడ పనికిరాడు. రెండు గాంధారాలను ఇలా పక్కపక్కన కూర్చోబెడితే మా చిన్నప్పటి సంగీతం పంతులు గారు లేచి వెళ్లిపోయేవారు. ఆయన ఎంతో ఇష్టంగా పాడే నాట రాగంలో అదే స్థానం షట్శ్రుతి రిషభం అని పేరు మార్చుకుని అంతర గాంధారం పక్కనే కూర్చుంటుంది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు.

తీగను తోయడం, లాగడం అనగానే గిటార్ వాళ్లు అమెరికా వైపు చూస్తారు. చూడాల్సిందే. ఆల్బర్ట్ కింగ్ ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి గిటార్‌ను తలకిందులుగా పట్టుకున్నాడు. సన్న తీగలు పైకి వచ్చాయి, అందరూ పైకి తోసేదాన్ని ఆయన కిందికి లాగాడు, ఆ లాగుడులో ఒక్కో స్వరం మూడు మెట్లు ఎక్కేది. కానీ పాలకొల్లు వైపు కూడా చూడాలి. 1969లో అక్కడ పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ పట్టుకున్నాడు. జంట తీగల వాద్యం, మీటితే టక్కున మోగి ఆరిపోతుంది, గమకానికి బొత్తిగా పనికిరాదని అందరూ అనుకున్నది. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, ఐదో తీగ చేర్చాడు, కరెంటు జోడించాడు. అంతకంటే ముఖ్యమైనది ఆయన నేర్చుకున్న తీరు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడంతో వేలికి గొంతే దారి అయింది. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి గిటార్ దిగ్గజం పక్కన, రిమెంబర్ శక్తి బృందంలో, ఆ వేళ్లు ఎక్కడా వెనకబడలేదు. సోలో వాయించే ప్రతివాడికీ వాద్యం రాని గురువు ఒకరుంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

మా వాడితో అసలు చిక్కు ఇంకోటి ఉంది. అది అమెరికాలో ఏ మాస్టారికీ ఎదురై ఉండదు. వాడు ఖాళీ వదలలేడు. బారులో చిటికెడు జాగా కనిపిస్తే అక్కడ రెండు స్వరాలు కుక్కుతాడు. మొదట దాన్ని కుర్రతనం అనుకున్నాను. తర్వాత అర్థమైంది. నీలం నగర్‌లో చప్పుడు ఆగడం అంటే కరెంటు పోవడం. కరెంటు పోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే నేసిన కొలతకు కూలి తీసుకునేవాడి లెక్క అక్కడే ఆగుతుంది. షెడ్డులో అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆగిపోయి, చెవుల్లో హోరు మాత్రం మిగిలినప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం వాడు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. వాడికి నిశ్శబ్దం అంటే విశ్రాంతి కాదు, నష్టం. అలాంటి పిల్లవాడికి "రెండు బార్లు ఊరికే ఉండు" అని చెప్పడం ఎంత పెద్ద మాటో నాకు ఆలస్యంగా తెలిసింది.

చప్పుడుకూ ఈ సంగీతానికీ పాత లెక్కలున్నాయి. బ్లూస్ పాటగాడు మడీ వాటర్స్ 1943లో మిసిసిపీలోని స్టోవాల్ పత్తి తోట వదిలి చికాగో వెళ్లాడు. పల్లెలో ఇంటి అరుగు మీద సరిపోయిన గిటార్ ఆ నగరపు సారా దుకాణాల గోలలో ఎవరికీ వినిపించలేదు. అందుకే కరెంటు గిటార్ పట్టాడు. మరుసటి ఏడాది, 1944లో, స్టోవాల్‌కు దగ్గర్లోనే హాప్‌సన్ తోటలో విత్తడం నుంచి ఏరడం దాకా మొత్తం పంటను యంత్రాలే పండించాయి. పొలంలో పాటలు పాడుతూ పత్తి ఏరిన మనుషుల పని అక్కడితో కరగడం మొదలైంది. చేమగ్గం నుంచి మరమగ్గానికి వచ్చిన మావాళ్లకు ఈ కథ వివరించి చెప్పనక్కర్లేదు. మరమగ్గం దగ్గర పాట సాగదు, సైగలు సాగుతాయి. ఇక్కడ మూడు మగ్గాల అవతల ఉన్నవాడితో చేతి వేళ్లతో మాట్లాడతారు.

అయితే మా వాడు ఒప్పుకోలేదు. "స్టీవీ రే వాన్ ఎన్ని సురాలు కొడుతడు మామా! ఆయనది బోర్ కొడుతదా?" అన్నాడు. మంచి దెబ్బే. కొట్టదు. బడ్డీ గై కూడా గుప్పిళ్లతో చల్లుతాడు. కానీ బడ్డీ గై చల్లినవాడే ఉన్నట్టుండి ధ్వనిని గుసగుస దాకా దించేస్తాడు, జనం ముందుకు వంగి వినాల్సి వస్తుంది, అప్పుడు మళ్లీ విరుచుకుపడతాడు. స్వరాలు ఎక్కువా తక్కువా అన్నది నా వాదన కాదని ఆ మాటల్లోనే నాకూ తేలింది. ఎన్ని స్వరాలైనా ఒక పలుకుగా వినబడాలి, ఆ పలుకు మళ్లీ వచ్చినప్పుడు ఏదో జరిగి వచ్చినట్టుండాలి. చివరి మాట మింగేయవచ్చు. పై స్థాయికి ఎగరవచ్చు. ప్రశ్నగా వదిలినదాన్ని ఈసారి షడ్జం మీద దించి మూసేయవచ్చు. మొదటి చుట్టులో ఏం అన్నామో గుర్తుంటేనే ఇవన్నీ కుదురుతాయి. గుర్తులేనివాడికి ప్రతి బారూ కొత్తగా ఉంటుంది, వినేవాడికే పాతబడుతుంది.

ఈ విద్య మా కులంలోనూ ఉంది. పద్మశాలీలకు కథ చెప్పే హక్కుదార్లు కూనపులివాళ్లు. చేర్యాల నకాశీలు గుడ్డ మీద రాసిన బొమ్మల పటం వేలాడదీసి, మార్కండేయుడి కథా, తామర నారతో బట్ట నేసిన భావనారుషి కథా చెప్పేవాళ్లు. పటం మీద బొమ్మ కదలదు, ఏ ఊళ్లో విప్పినా అదే బొమ్మ. కర్ర చూపించే మనిషి గొంతు మాత్రం ఏ రెండు ఊళ్లలోనూ ఒక్కలా ఉండదు. వంతపాటవాడు పాదాన్ని తిరగ అందుకునేసరికి కథకుడు జనం ముఖాలు చదువుకుంటాడు. బుర్రకథలోనూ అంతే, వంతలు తందాన అంటున్నంతసేపే కథకుడికి ఆలోచించుకునే వ్యవధి. పటాన్ని నేను 12 బార్లతో పోలుస్తున్నానని మా వాడు వెంటనే పట్టేశాడు. వాడు తెలివిగలవాడే. తెలివి వేళ్లలోకి దిగడానికి టైం పడుతుంది.

చివరికి నేను సలహాలు కట్టిపెట్టి, సుబ్బరాజు గారి దారి పట్టాను. నాకు పాడటం రాదు. వాడి అమ్మకు, అంటే మా అక్కకు, వచ్చు. సోలాపూర్‌లో మగవాళ్లు మగ్గం మీద ఉంటే ఆడవాళ్లు బీడీలు చుట్టే ఇళ్లే ఎక్కువ. అక్క ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుడుతూ ఉంటుంది. లెక్క వెయ్యి బీడీలకింత అని. ఆ లెక్క నడుస్తుండగానే బతుకమ్మ పాటలు నడుస్తుంటాయి. మా గల్లీలో బతుకమ్మ నాడు పాట ఎత్తుకునేది అక్కే, మిగిలినవాళ్లు చప్పట్లతో అందుకుంటారు. వాణ్ని గిటార్ పట్టుకుని అక్క ఎదురుగా కూర్చోమన్నాను. ఆమె ఒక పాదం పాడాలి, వీడు అందుకోవాలి. స్కేల్ పేరు ఎత్తకూడదు.

మొదటి పాదం వాడు మూడో తీగ మీద బాగానే పట్టాడు. రెండోసారి అదే పాదం అక్క పాడినప్పుడు వాడి వేలు తడబడింది. మళ్లీ వాయించాడు, కలవలేదు. తీగను కాస్త పైకి తోశాడు, కలిసింది.

"ఏందిరా, ఎక్కిరిస్తున్నవా? నేనట్ల పాడలే," అంది అక్క.

"రెండోసారి అట్లనే పాడినవమ్మా. చివర్ల జర సాగదీసినవ్."

"ఒక్క పాటను ఎవరన్న రెండు తీర్ల పాడుతరా?" అని కసురుకుని, ఆకు మడుస్తూ, అదే పాదాన్ని మూడోసారి ఇంకో తీరుగా పాడింది.